తల్లి లేని బాతు పిల్లలు: మా మేనకోడలికి

అమ్మాయ్,

రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడుస్తూ చెప్పాక నాకూ నిద్ర పట్టలేదు. తల్లి బాతుని కుక్క పట్టుకుపోయింది, ఏడు పిల్లలు మిగిలాయి, పుట్టి మూడు రోజులే అయింది అన్నావు. ఆ కంగారులో నేను చెప్పింది సగమే నీ చెవికెక్కి ఉంటుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. వాటిని నీళ్ళలో వదలకు. బాతు పిల్లలే కదా, ఈదితే హుషారొస్తుందని ఇంట్లో ఎవరైనా చెప్పినా వినకు.

నా పెళ్ళయి ఈ కొల్లేటి పక్క ఊరికి వచ్చిన కొత్తలో బాతు గుడ్లు కోడి కింద పొదిగించాను. తొమ్మిది పిల్లలు లేచాయి. వారం తిరక్కుండానే ఆ కోడిని ముంగిస చంపేసింది. పిల్లలు దిగులుగా ఉన్నాయని గంగాళంలో నీళ్ళు పోసి వదిలాను. కాసేపు ఎంత ముద్దుగా ఈదాయో! పొయ్యి మీద అన్నం వార్చి వచ్చేసరికి నూగు మొత్తం తడిసి ఒంటికి అతుక్కుపోయింది, మెడలు వాలిపోయాయి. పాత చీర ముక్కల్లో చుట్టి పొయ్యి పక్కన పెట్టుకున్నాను. నాలుగు పోయాయి. ఒకటి నా అరచేతిలోనే పోయింది. దాని గుండె కొట్టుకోవడం నా చేతికి తెలుస్తూనే ఉంది, తర్వాత తెలియలేదు. నలభై ఏళ్ళయినా అది మర్చిపోలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తల్లి రెక్కల కింద దూరినప్పుడు దాని ఈకల మీది నూనె పిల్లలకి అంటుతుంది. అందుకే తల్లితో వెళ్ళిన పిల్ల తడవదు. వీటి తోక మొదట్లో కూడా నూనె తిత్తి ఉంటుంది కానీ ఇంత పసితనంలో అది సరిగా పనిచేయదు. తడిస్తే చలి, చలి పడితే ప్రాణం పోతుంది.

కాబట్టి ఇప్పుడు వాటికి కావలసింది వెచ్చదనం. పెద్ద అట్టపెట్టె తీసుకుని ఒక మూల 60 వాట్ల పాత రకం బల్బు వేలాడదీయి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, దానికి వెలుగే తప్ప వేడి ఉండదు. బల్బు జారి గడ్డి మీద పడకుండా తీగతో గట్టిగా కట్టు. మొదటి వారం 32 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. థర్మామీటర్ లేకపోయినా పర్లేదు, పిల్లల్నే చూడు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి సన్నగా, గట్టిగా అరుస్తుంటే చలి. దూరంగా పోయి నోళ్ళు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. విడివిడిగా పడుకుని మెల్లగా కిచకిచమంటుంటే సరిపోయినట్టు. ధనుర్మాసం చలి తెల్లవారుజామునే ఎక్కువ, అప్పుడు ఒకసారి లేచి చూడు. కరెంటు పోతే సీసాలో వేడి నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టు.

పెట్టెలో పేపరు పరవొద్దు. కాళ్ళు జారి పక్కలకి చీలిపోతాయి, ఆ తర్వాత అవి సరిగా నడవలేవు. గోనెసంచి పరిచి, పది రోజులయ్యాక గడ్డి వెయ్యి. బాతు పిల్లలు నీళ్ళు చిమ్మకుండా ఉండవు, పూటపూటకీ మార్చాల్సిందే. విసుక్కోకమ్మా.

తాగే నీళ్ళ గిన్నె ముక్కు రంధ్రాలు మునిగేంత లోతుండాలి, ఒళ్ళు మునిగేంత ఉండకూడదు. ముక్కు, కళ్ళు కడుక్కోకపోతే పుసులు కడతాయి. గిన్నెలో గులకరాళ్ళు వేస్తే లోపలికి దిగలేవు. నీళ్ళు లేకుండా మాత్రం మేత పెట్టొద్దు, గొంతులో అడ్డం పడుతుంది.

మేత అంటే నూకలు, మెతుకులు ఒక్కటే చాలవు. కోడిపిల్లల స్టార్టర్ మేత నీళ్ళతో తడిపి, ఉడికించిన గుడ్డు చిదిమి కలిపి పెట్టు. తోటకూర సన్నగా తరిగి వేస్తే ఎగబడి తింటాయి. బ్రెడ్డు వద్దు. బాతు పిల్లలకి కోడిపిల్లల కంటే నయాసిన్ అనే బి విటమిన్ ఎక్కువ కావాలి, కేజీ మేతకి 55 మిల్లీగ్రాముల దాకా. అది చాలకపోతే కాళ్ళు వంకర తిరుగుతాయి. మీ ఊళ్ళో పశువుల డాక్టరు గారిని అడిగితే నీళ్ళలో కలిపే మందు ఇస్తారు.

ఇంకొకటి, మీ నాన్న కొట్టులో పాత వేరుశనగ చెక్క ఉందేమో, ఖర్చు కలిసొస్తుందని అది పెట్టబోతాడు. బూజు వాసన ఏమాత్రం తగిలినా పెట్టనివ్వకు. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ విషానికి పెంపుడు పక్షుల్లో బాతు పిల్లల కంటే త్వరగా పడిపోయేవి లేవు. 1960లో ఇంగ్లండులో అలాంటి చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు, వాటితో పాటు బాతు పిల్లలూ చనిపోయాకే ఆ విషం సంగతి బయటపడింది. గేదెకి పెట్టే చెక్క కదా అనుకోకూడదు.

మీ వీధిలో ఎవరికైనా రెండు మూడు రోజుల పిల్లలున్న కోడి ఉంటే అడిగి చూడు. చీకటి పడ్డాక పిల్లల్ని ఒక్కొక్కటిగా దాని రెక్కల కింద దూర్చాలి, పగలు పెడితే పొడిచేస్తుంది. తెల్లారి ఒక గంట పక్కనే కూర్చుని చూడు. కోడి ఒప్పుకున్నా సరే, ఒంటి నిండా ఈకలు వచ్చేదాకా కాలువ వైపు పోనివ్వకు, దాని ఈకల్లో బాతుకున్నంత నూనె ఉండదు. పెద్దయ్యాక అవి కాలువలో దిగితే పాపం ఆ కోడి గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ అరుస్తుంది, పిల్లలు మునిగిపోతున్నాయనుకుని. చూడలేం.

కోడి దొరక్కపోతే నువ్వే తల్లివి. ఏడింటినీ ఎప్పుడూ విడదీయకు. రోజూ మేత పెట్టేటప్పుడు ఒకే పిలుపు పిలువు, నాలుగు రోజుల్లో నీ వెనకే నడుస్తాయి. బయటికి తీసుకెళ్తే కాకి, గద్ద మీద కన్నుండాలి. రాత్రి పెట్టె మీద ఇనుప వల వేసి బరువు పెట్టు, పందికొక్కు అట్టని కొరికేస్తుంది కాబట్టి పెట్టెని గదిలోనే ఉంచు.

పది రోజులు దాటాక పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, ఎండలో, నీ కళ్ళ ముందు అయిదు నిమిషాలు ఆడనివ్వు. వెంటనే తుడిచి బల్బు కింద పెట్టు. ఒంటి నిండా ఈకలు రావడానికి ఏడెనిమిది వారాలు పడుతుంది, కాలువ మాట అప్పుడే. రెండు నెలలు నిండాక డాక్టరు గారిని అడిగి డక్ ప్లేగు టీకా వేయించు.

ఏడింటిలో ఒకటి మందకొడిగా, కళ్ళు మూసుకుని ఉందన్నావు. దాన్ని వేరు పెట్టకు, బల్బుకి దగ్గరగా మిగతావాటి మధ్యనే పడుకోబెట్టు. గంటకోసారి ముక్కు కొనని నీళ్ళలో ముంచి తియ్యి, అదే తాగుతుంది. ఈ ఉత్తరం అందగానే దాని సంగతి ఫోన్ చేసి చెప్పు. నేను ఎదురు చూస్తూ ఉంటాను.

మీ అత్త