గ్రాపామియెల్ అడుగున మడ్డి

ప్రశ్న: గ్రాపాలో (ద్రాక్షపిప్పి నుంచి తీసే సారాలో) తేనె కలిపి ఉరుగ్వే వాళ్ల గ్రాపామియెల్ చేశాం. రెండు రోజులకే మసకబారి, అడుగున మడ్డి చేరింది. పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, మాంటెవిడియో

జవాబు: పాడవలేదండీ. తేనెలోని పుప్పొడి, మైనం, ప్రోటీన్లు ఆల్కహాల్‌లో కరగక విడిపోతాయి. సీసాను వారం పది రోజులు కదపకుండా ఉంచి, తేట మాత్రం వంచుకుని కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి.

ఈసారి 40 శాతం ఆల్కహాల్ ఉన్న గ్రాపా 750 మి.లీ.కి తేనె 200 గ్రాములు, నీళ్లు 300 మి.లీ. తీసుకోండి. తేనెను గోరువెచ్చని నీళ్లలో కరిగించి, పూర్తిగా చల్లారాకే గ్రాపా పోయాలి. ఘాటు 25 శాతం దగ్గర నిలుస్తుంది. గ్రాపాను మాత్రం పొయ్యెక్కించకండి! ఆవిరి భగ్గున అంటుకుంటుంది, ద్రాక్షపిప్పి నుంచి వచ్చిన వాసనా ఎగిరిపోతుంది. యూకలిప్టస్ తేనె అయితే దాని రుచే పైకి తేలుతుంది కాబట్టి 150 గ్రాములతో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోండి.