మావారి తూటాల బెంచీ: పనా, హాబీనా?

ప్రశ్న: మాకు పెళ్లై తొమ్మిదేళ్లు. ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. మావారు ఆదివారాలు రేంజ్‌కి వెళ్లి రైఫిల్‌తో టార్గెట్ షూటింగ్ చేస్తారు. లైసెన్సులన్నీ సక్రమంగా ఉన్నాయి, అందులో నాకే ఇబ్బందీ లేదు. మూడేళ్లుగా తూటాలు కొనడం మానేసి, కాల్చాక మిగిలే ఖాళీ తొడుగులు (కేసులు) తెచ్చి ఇంట్లోనే మళ్లీ నింపుకుంటున్నారు. రాత్రి భోజనమయ్యాక పక్క గదిలో బెంచీ దగ్గర కూర్చుంటే పదకొండు దాటితే గానీ లేవరు. కాస్త ఇంటిపని అందుకోమంటే ‘నేనూ పనే చేస్తున్నా, బయట కొంటే ఎంతవుతుందో తెలుసా’ అంటారు. పోనీ తగ్గించమంటే ‘నాకున్న ఒక్క హాబీ కూడా వద్దంటావా’ అంటారు. ఈమధ్య ఇద్దరు స్నేహితులకు కూడా నింపి ఇస్తున్నారు. ఎప్పుడు చూసినా చిరాకే. మొన్న పాప ఆ గదిలోకి పరుగెత్తితే గట్టిగా అరిచారు. అప్పటినుంచి పాప ఆ గుమ్మం వైపు వెళ్లాలంటేనే భయపడుతోంది. అసలు ఇది పనా, హాబీనా? నేనే తప్పుగా ఆలోచిస్తున్నానా?
– ఒక సోదరి

జవాబు: మీరు తప్పుగా ఆలోచించడం లేదమ్మా. పని అడిగితే ‘ఇది పని’ అంటున్నారు, తగ్గించమంటే ‘ఇది హాబీ’ అంటున్నారు. మీకు నొప్పి కలిగిస్తున్నది అక్కడే. అలాగని ఆయన మిమ్మల్ని మభ్యపెడుతున్నారని నేననుకోను. ఆ రెండు మాటలూ ఆయనకు నిజంగానే అనిపిస్తూ ఉండాలి, ఎందుకంటే ఆ బెంచీ మీద రెండూ ఉన్నాయి.

మా తమ్ముడు చాలా ఏళ్లు ఇదే చేశాడు. వాడి పక్కన కూర్చుని చూసిన రోజులున్నాయి కాబట్టి చెబుతున్నాను. కాల్చిన తూటాలో మళ్లీ పనికొచ్చేది ఇత్తడి కేసు ఒక్కటే. ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే అడుగు బిళ్ల), మందు (తుపాకీ మందు), బుల్లెట్ (ఎగిరి వెళ్లే లోహపు ముక్క) మూడూ కొత్తవి కావాలి. ఆ కేసుని ముందు శుభ్రం చేయాలి. పాత ప్రైమర్ తీసేయాలి. పేలినప్పుడు ఉబ్బింది కాబట్టి మళ్లీ కొలతకు తేవాలి, పొడవు పెరిగితే అంచు కోయాలి, మెడ దగ్గర పగులు ఉందేమో ఒక్కొక్కటీ తిప్పి చూడాలి. ఆ తర్వాతే కొత్త ప్రైమర్, తూచిన మందు, బుల్లెట్. ఒక్కో మెట్టూ విడిగా చేసే మామూలు ప్రెస్ (పిడి లాగి కేసుని నొక్కే యంత్రం) మీద వంద తూటాలంటే ఒకటి రెండు సాయంత్రాలు గడిచిపోతాయి.

ఇందులో కడగడం, అంచులు కోయడం శుద్ధ చాకిరీ. మా తమ్ముడు దాన్ని ‘అంట్లు తోమడం’ అనేవాడు. మందు తూచి, బుల్లెట్ ఎంత లోతుకు కూర్చోవాలో చూసుకుని, నోటుబుక్కులో రాసుకుని, ఆదివారం టార్గెట్ మీద రంధ్రాలు దగ్గరదగ్గరగా పడ్డాయో లేదో చూసుకోవడం మాత్రం వాడికి పండగ. తన రైఫిల్‌కి ఏది నప్పుతుందో తన చేత్తో కనుక్కోవడంలో ఉన్న ఆనందం అది. మీవారికి కూడా అది ఉండే ఉంటుంది. దాన్ని చిన్నచూపు చూడకండి.

ఇక డబ్బు సంగతి. కేసు మళ్లీ వాడతారు కాబట్టి ఒక్కో తూటాకి ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ ప్రెస్, దానిలో బిగించే అచ్చులు (డైలు), త్రాసు ముందే కొనాలి. పైగా చవగ్గా వస్తున్నాయని ఎక్కువ కాల్చేవాళ్లే ఎక్కువ. చివరికి జేబులోంచి పోయేది అంతే ఉంటుంది. ఒకరోజు ఇద్దరూ కూర్చుని గత ఏడాది దీనిమీద పెట్టిన ఖర్చంతా ఒక కాగితం మీద రాయండి. కోపంతో కాదు, కరెంటు బిల్లు చూసుకున్నట్టు చూడండి. నిజంగా మిగులుతుంటే అది ఇంటికి ఉపయోగపడే పనే, మీ ఇంటిపనుల లెక్కలో దానికీ చోటివ్వండి. మిగలకపోతే అదేం నేరం కాదు. అప్పుడది హాబీ. ఇంట్లో ఇంకొకరి హాబీకి ఎంత టైమ్ ఉంటుందో దానికీ అంతే ఉండాలి. ఇది రాస్తుంటే ఒకటి గుర్తొచ్చింది: మీకిష్టమైన పని ఏమిటో, దానికి వారంలో ఎన్ని గంటలు దొరుకుతున్నాయో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ కాగితం మీద అది కూడా రాయండి.

పాప మీద అరిచిన విషయానికి వద్దాం. ఇక్కడ సగం నేను ఆయన వైపే ఉంటాను. మందుని గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు, తేడాలు అందులో పదోవంతు దాకా చూసుకుంటారు. ఆ సమయంలో దృష్టి మళ్లి, ఒకే కేసులో రెండుసార్లు మందు పడితే తుపాకీ చేతిలోనే పగిలిపోవచ్చు. అసలు పడకపోతే ప్రైమర్ బలం ఒక్కటే బుల్లెట్‌ని తుపాకీ గొట్టంలోకి నెట్టి అక్కడే ఇరికించి వదిలేయవచ్చు. అది తెలియక రెండోది కాలిస్తే ఇంకా ప్రమాదం. కాబట్టి మందు పోసేటప్పుడు ఆయన్ని పిలవకండి, మీరు కూడా లోపలికి వెళ్లకండి.

మిగతా సగం మాత్రం పూర్తిగా ఆయన బాధ్యత. మందు, ప్రైమర్లు ఉన్న గదిలోకి నాలుగేళ్ల పిల్ల పరుగెత్తి రాగలిగిందంటే తప్పు పిల్లది కాదు. తలుపుకి పైన గడియ, సామానుకి తాళం ఉండాల్సిందే. రోజంతా పనిచేసి అలసిపోయి రాత్రి పదిన్నరకి మందు తూచడం ఏ షూటరూ మెచ్చే పని కాదు. ఆయనతో ఈ మాట హాబీ గొడవలో కలపకుండా విడిగా చెప్పండి. వారంలో రెండు రాత్రులు శుభ్రం చేసే పనులు పెట్టుకోమనండి, అవి మీరు పిలిస్తే వదిలి రాగల పనులు. మందు పోయడం మాత్రం బాగా నిద్రపోయి లేచిన ఒక పొద్దున, తలుపు మూసి, ఫోన్ బయట పెట్టి చేయమనండి. ఆ గంటన్నర పిల్లల్ని మీరు చూసుకోండి. అది ఆయనకు మీరిచ్చే మాట.

ఇంకో విషయం మీరు అడగలేదు, నేను చెప్పక తప్పదు. మామూలు ప్రైమర్లలో సీసం ఉంటుంది. కాల్చిన కేసుల్లో మిగిలే మసిలోనూ, వాటిని పొడిగా శుభ్రం చేసే మెషిన్ లోంచి లేచే దుమ్ములోనూ అదే. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకి సీసం ఎంత కొంచెమైనా మంచిది కాదు, ఆరేళ్ల లోపు పిల్లలకి మరీ. ఆ మెషిన్ ఇంటి లోపల వద్దు, నీళ్లతో కడిగే పద్ధతిలో దుమ్ము లేవదు. బెంచీ మీద టీ కప్పు పెట్టకూడదు. బెంచీని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. పిల్లల్ని ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడిగి బట్టలు మార్చుకోవాలి. రేంజ్ నుంచి వచ్చినప్పుడు కూడా ఇంతే. మూడేళ్లుగా నడుస్తోంది కాబట్టి పిల్లలిద్దరికీ రక్తంలో సీసం పరీక్ష చేయించమని డాక్టర్ని అడగండి. డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే పట్టించుకోవాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది.

స్నేహితులకి నింపి ఇవ్వడం మాత్రం ఆపేయాలి. ఒక రైఫిల్‌కి సరిపడిన మందు ఇంకో రైఫిల్‌లో ఎక్కువ కావచ్చు. వేరేవాళ్లు నింపిన తూటా కాల్చకూడదన్నది ఈ పని తెలిసినవాళ్లు మొదట చెప్పే మాట. ఏదైనా జరిగితే స్నేహంతోపాటు చాలా పోతాయి. కొన్ని దేశాల్లో ఇలా చేసి ఇతరులకు అమ్మడానికి వేరే లైసెన్సు కూడా కావాలి. నాకైతే ఆయన చిరాకు కూడా ఇక్కడే మొదలైందనిపిస్తోంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లల్ని పరిశీలించారు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, కొన్నాళ్ల తర్వాత చూస్తే మిగతా పిల్లలు గీసేదాంట్లో సగంసేపే గీస్తున్నారు. ఇష్టంతో చేసేదానికి బయటినుంచి ఒక కారణం తగిలిస్తే ఇష్టం అలా సన్నగిల్లవచ్చు. మీవారి విషయంలో ‘డబ్బు మిగులుతోంది’ ఒక కారణం, ‘వాళ్లకి శనివారంలోగా ఇవ్వాలి’ ఇంకో కారణం. ‘ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఇక కుదరదు’ అని స్నేహితులకి చెప్పమనండి. అది అబద్ధం కూడా కాదు.

ఇవన్నీ ఒకేసారి ముందు పెట్టకండి. పాప భయం పోగొట్టడం మొదటి పని, అది ఆయనే చేయాలి. బెంచీ మొత్తం తుడిచి, మందూ ప్రైమర్లూ తాళం వేసిన రోజున, పాపని తను ఎత్తుకుని ఆ గుమ్మం దాకా తీసుకెళ్లి ‘ఆ రోజు నాన్న కంగారుపడి అరిచాడు’ అని చెప్పమనండి.

తర్వాత ఏదో ఒక సాయంత్రం, ఆయన కేసులు ఏరుకుంటున్నప్పుడు కుర్చీ వేసుకుని పక్కన కూర్చోండి. ‘ఇందులో మీకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఏది?’ అని అడిగి ఊరుకోండి. ఆయన కళ్లు వెలిగి నోటుబుక్కు తెరిస్తే ఆ భాగాన్ని కాపాడండి, చాకిరీ తగ్గించే దారి ఇద్దరూ కలిసి చూడండి. కాసేపు ఆలోచించి ‘ఇప్పుడేదీ లేదు’ అంటే మాత్రం, రెండు నెలలు ప్రెస్ మీద గుడ్డ కప్పి, తూటాలు కొనుక్కుని రేంజ్‌కి వెళ్లమనండి. ఆ రెండు నెలల్లో ఆయనకు బెంచీ మీద బెంగ పుడుతుందో లేదో చూసి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.