తాగుడు లేని కుర్రాడికి మూడోసారి పాంక్రియాటైటిస్: క్రానిక్ అవుతుందా?

మీ తమ్ముడికి 22 ఏళ్లు, మందు అలవాటు లేదు, పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) ఇది మూడో ఎటాక్, క్రానిక్ (గ్రంథి శాశ్వతంగా దెబ్బతినే జబ్బు) అవుతుందా అని అడిగారు. ముందుగానే తేల్చిచెప్పే పరీక్ష లేదండి. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మళ్లీ మళ్లీ ఎటాక్ వచ్చినవాళ్లలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మంది క్రానిక్‌లోకి వెళ్లారు. మిగతావాళ్లు వెళ్లలేదు. తేడా ఎక్కువగా కారణంలోనే ఉంటుంది.

పిత్తాశయంలో రాళ్లే కారణమైతే ఆపరేషన్‌తో చాలామందికి ఎటాక్‌లు ఆగిపోతాయి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 1000 mg/dL దాటితే అవే కారణం కావచ్చు. కానీ ఫైళ్లలో ఇదే తరచూ తప్పిపోతుంది: రెండు మూడు రోజులు నోటికి ఏమీ ఇవ్వకుండా ఉంచాక రక్తం తీస్తే ఆ అంకె పడిపోతుంది. అడ్మిట్ అయిన రోజు శాంపిల్‌లోనే చూడాలి. రక్తంలో కాల్షియం ఎక్కువైనా ఎటాక్ రావచ్చు, కానీ దాని పరీక్ష దీనికి తలకిందులు. ఎటాక్‌లో తగ్గి కనిపిస్తుంది కాబట్టి కోలుకున్నాక మళ్లీ చేయించాలి.

ఏ కారణమూ దొరకకపోతే, ఈ వయసులో జన్యు పరీక్ష అడగండి. మన దేశంలో ఇలాంటి కేసుల్లో స్పింక్1 అనే జన్యువులో మార్పు తరచూ కనిపిస్తుంది. అది ఉన్నా జబ్బు రానివాళ్లే ఎక్కువ, కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఇంట్లోవాళ్లందరికీ చేయించక్కర్లేదు. పీఆర్ఎస్ఎస్1 అనే మరో జన్యువులో మార్పు అయితే లెక్క వేరు, అది కుటుంబంలో దిగే జబ్బు. సిగరెట్ సంగతి కూడా సూటిగా అడగండి. మందు లేకపోయినా పొగ ఒక్కటే ముప్పు పెంచుతుంది.

ఎమ్మార్‌సీపీ (క్లోమం, పిత్త నాళాల ఎమ్మారై స్కాన్), ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (గొట్టం లోపలికి పంపి చేసే స్కాన్) ఎటాక్ తగ్గిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు చేయిస్తే మేలు. వాపు ఉండగా చూస్తే క్రానిక్ లాగే కనిపించి కంగారు పెడుతుంది. గ్రంథిలో రాళ్లు, సున్నం ఉన్నాయా అన్నది సీటీలోనే బాగా తెలుస్తుంది. స్కాన్ సీడీలు దాచండి, డక్ట్ (గ్రంథిలోని నాళం) వెడల్పు పెరిగిందా అని పాతదానితో పోల్చాలి. రక్తంలో లైపేజ్ (క్లోమం ఎంజైమ్) ఎంత ఎక్కువొచ్చిందన్నది క్రానిక్ అవుతుందా అని చెప్పడానికి పనికిరాదు. జబ్బు ముదిరాక నొప్పి ఉన్నా అది నార్మల్‌గా రావచ్చు, గ్యాస్ అని సరిపెట్టేస్తారు.

మలంలో ఎలాస్టేజ్ (క్లోమం ఎంజైమ్) గ్రాముకు 200 మైక్రోగ్రాముల లోపు వస్తే గ్రంథి ఎంజైమ్‌లు చాలినన్ని ఇవ్వట్లేదని అనుమానం, 100 లోపు అయితే బలమైన సూచన. నీళ్ల విరేచనంతో ఇస్తే తప్పుడుగా తగ్గుతుంది, గట్టి మలమే ఇవ్వాలి. ఈ పరీక్ష కోసం ఎంజైమ్ క్యాప్సూల్స్ ఆపనక్కర్లేదు. ఏటా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష), ఇంట్లో నెలనెలా బరువు చూసుకోండి. బరువు తగ్గుతూ షుగర్ కొత్తగా కనిపించినా, మలం జిడ్డుగా తేలుతున్నా, ఏడాది చెకప్ దాకా ఆగకుండా గ్యాస్ట్రో డాక్టర్‌ని కలవండి.