‘క్షమించరాని పాపం’ అన్న ప్రయోగం సరైనదేనా?

సందేహం: ‘క్షమించరాని పాపం’ అనే మాట క్రైస్తవ ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. ఇది తెలుగు బైబిలులోని మాటేనా? పరిశుద్ధాత్మను, అంటే దేవుని ఆత్మను, దూషించడమే ఆ పాపమంటారు. ‘దూషణ’ అంటే తిట్టడమే అయితే, దుఃఖంలోనో కోపంలోనో దేవుణ్ణి ఒక మాట అన్నవారికి ఇక క్షమాపణ లేనట్లేనా?

సమాధానం: వాడుకలో స్థిరపడిన ఈ పదబంధం సువార్తల (యేసు జీవితాన్ని చెప్పే బైబిలు గ్రంథాల) తెలుగు పాఠంలో లేదు. మత్తయి 12:31లో ‘ఆత్మవిషయమైన దూషణకు పాపక్షమాపణ లేదు’ అనీ, మార్కు 3:29లో ‘నిత్యపాపము’ అనీ ఉన్నాయి. ‘రాని’ అనే మాట ‘చెప్పరాని మాట’లో తగదని చెబితే, ‘భరించరాని బాధ’లో సాధ్యం కాదని చెబుతుంది. పత్రికల్లో ‘క్షమించరాని నేరం’ అన్నప్పుడు తెలిసేది నేర తీవ్రత మాత్రమే. ఆ అలవాటుతో వింటే ఇది కూడా హత్యలాంటి ఏదో ఒక ఘోరకృత్యం పేరనిపిస్తుంది. కాని ‘మనుష్యులు చేయు ప్రతి పాపమును దూషణయు వారికి క్షమింపబడును’ అన్న హామీ మత్తయిలో అదే వాక్యంలో, ముందుగానే ఉంది.

మీ సందేహానికి అసలు సమాధానం ‘దూషణ’లో ఉంది. గ్రీకులోని ‘బ్లస్ఫేమియా’కు నింద, అపవాదు అని అర్థం, నోరుజారిన తిట్టుకంటె అది విస్తృతమైనది. యెరూషలేము నుండి వచ్చిన శాస్త్రులు (యూదుల ధర్మశాస్త్ర బోధకులు), యేసు దయ్యములను వెళ్లగొట్టడం కళ్లముందు కనబడుతున్నా, అది దయ్యముల అధిపతి బలంతో జరిగిందన్నారు. పరిశుద్ధాత్మ కార్యాన్ని సాతానుకు అంటగట్టిన ఆ మాటకే ఈ హెచ్చరిక. మార్కు 3:30 ‘ఆయన అపవిత్రాత్మ పట్టినవాడని వారు చెప్పిరి గనుక’ అని కారణం స్పష్టంగా చెబుతుంది. ఆ ‘గనుక’ను వదిలి 29వ వచనాన్ని విడిగా చదవడం వల్లనే ఎందరో అనవసరంగా భయపడుతున్నారు. పైగా తెలుగులో ‘చెప్పిరి’ అన్నచోట గ్రీకు క్రియ ‘చెబుతూ ఉండిరి’ అనే అర్థాన్నిస్తుంది, అంటే అది ఒక్కసారి నోరుజారిన మాట కాదు.

అపొస్తలుడైన (క్రీస్తు సువార్తను ప్రకటించిన) పౌలు తనను ‘పూర్వము దూషకుడను’ అని చెప్పుకొన్నాడు (1 తిమోతి 1:13). గ్రీకులో అది ఈ దూషణతో ఒకే కుదురుకు చెందిన పదం. అయినా ‘తెలియక అవిశ్వాసము వలన’ చేశాడు గనుక కనికరం పొందాడు. శపించుకొని, ఒట్టుపెట్టుకొని యేసును ఎరుగనన్న ఆయన శిష్యుడు పేతురు కూడా తిరిగి అంగీకరింపబడ్డాడు. క్రైస్తవ వేదాంతి అగస్టీను (354–430) ఈ పాపాన్ని, చివరి శ్వాస వరకు పశ్చాత్తాపాన్ని తిరస్కరించే మొండితనంగా వివరించాడు. కనుక దుఃఖంలో ఒక మాట అని, దానికి బాధపడుతూ క్షమాపణ కోరే మనిషికి ఈ వచనాన్ని అన్వయించడం తప్పు. అలా భయపెట్టడం అన్యాయం కూడా.

‘నిత్యపాపము’లోని ‘నిత్య’ అన్నది ‘నిత్యపూజ’లో వలె ప్రతిదినమని కాక, ‘నిత్యజీవము’లో వలె శాశ్వతమని చెబుతుంది. (కొన్ని గ్రీకు ప్రతులలో ఇక్కడ ‘పాపం’ బదులు ‘తీర్పు’ అని ఉంది.) రాసేటప్పుడు ‘పరిశుద్ధాత్మ దూషణ’ అని పాపాన్ని పేరుతోనే చెప్పడం ఉత్తమం, ‘క్షమించరాని పాపం’ అనక తప్పనిచోట, వెంటనే ఆ శాస్త్రుల మాటను కూడా ప్రస్తావించాలి.