కూత మానిపించకండి

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి దగ్గర పల్లె. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. కబడ్డీ బాగా ఆడుతుంది, మండలం దాటి జిల్లా సెలక్షన్స్‌కి పేరు వచ్చింది. మొన్న వేసవిలో పెద్దమనిషి అయింది. ఫంక్షన్ ఘనంగా చేశాం, ఊరి సెంటర్లో మావాళ్లు ఫ్లెక్సీ కూడా కట్టారు. అప్పటినుంచి మా అత్తయ్యగారు ఆటలకు పంపొద్దంటున్నారు. నిక్కర్లు వేసుకుని గెంతితే రేపు ఎవరు చేసుకుంటారు, నలుగురూ ఏమనుకుంటారు అని రోజూ ఇదే మాట. మా వారు ఏమీ మాట్లాడరు. పిల్ల మాత్రం మునుపటిలా లేదు. బడికి వెళ్లాలంటే విసుక్కుంటోంది, గట్టిగా మాట్లాడటమే మానేసింది. నేనూ ఇంటర్‌తో చదువు ఆపేసి పెళ్లి చేసుకున్నదాన్నే. నా కూతురు ధైర్యంగా బతకాలని ఉంది, ఇంట్లో గొడవలు పడే ఓపిక లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఫ్లెక్సీ దగ్గర ఆగిపోయాను. తన ఒంట్లో వచ్చిన మార్పు తనకే ఇంకా సరిగ్గా తెలియని పిల్ల, రోజూ బడికి వెళ్లే దారిలో తన నిలువెత్తు ఫోటో, చుట్టూ మేనమామల ఫోటోలు, కింద బంధుమిత్రుల పేర్లు. క్లాసులో మగపిల్లలందరూ దాన్ని చూసుకుంటూనే బడికి వచ్చి ఉంటారు. వాళ్లలో ఒక్కడు వెకిలిగా ఒక్క మాట అన్నా చాలు, పిల్ల ముడుచుకుపోవడానికి. అది కట్టేముందు మీ అమ్మాయిని ఎవరైనా అడిగారా? వేడుక చేసుకోవద్దని నేను అనను. మేనమామ తెచ్చిన పట్టుబట్టలు, అమ్మమ్మ దంచి పెట్టిన చిమ్మిలి, చాలామంది పిల్లలకు అవి ఇష్టంగానే ఉంటాయి. కానీ తన ఒంటి సంగతి ఊరంతటికీ చెప్పాలా వద్దా అనేది ఆ పిల్ల చెప్పాలి కదా.

కాబట్టి సెలక్షన్స్ గొడవకంటే ముందు ఒక పని చేయండి. ఇవాళ రాత్రి పక్కన కూర్చుని, 'నిన్ను అడగాల్సిందమ్మా, అడగలేదు, తప్పు నాదే' అని చెప్పండి. బడిలో ఎవరైనా ఏమైనా అన్నారా అని నెమ్మదిగా అడగండి. వెంటనే చెప్పకపోవచ్చు, రెండు మూడు రోజులు పట్టొచ్చు. అన్నారని తెలిస్తే మాత్రం ఊరుకోవద్దు, మీరే వెళ్లి క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. అమ్మ తన తరఫున బడిదాకా వచ్చిందన్న సంగతి ఆడపిల్లకు చాలాకాలం గుర్తుంటుంది, నాకు గుర్తుంది.

ఇక కబడ్డీ. ఇంట్లో 'మెల్లగా మాట్లాడు, మెల్లగా నవ్వు' అని మనం చెప్పే వయసులోనే కోర్టులో పిల్ల చేత గొంతెత్తి కూత పెట్టించే ఆట అది. ఎదుటి జట్టులో ఏడుగురు కాచుకుని ఉంటారు, ముప్పై సెకన్లలో, కూత ఆగకుండా, ఒక్కతే వెళ్లి ఎవరో ఒకర్ని తాకి రావాలి. దొరికిపోతే లేచి దుమ్ము దులుపుకుని బయట కూర్చోవాలి, తనవాళ్లు పాయింటు తెస్తే మళ్లీ లోపలికి రావాలి. మీరు రాసిన ఆ ధైర్యం పిల్లకు అక్కడ రోజూ సాయంత్రం దొరుకుతోంది. గట్టిగా మాట్లాడటం మానేసిందని బాధపడుతున్నారు కదా, ఇలాంటప్పుడు గ్రౌండు కూడా మానిపిస్తే ఆ గొంతు ఇంకెక్కడ లేస్తుంది?

అత్తయ్యగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే కానీ 'ఈడ' పిల్ల కాదని వింటూ పెరిగిన మనిషి ఆవిడ, ఆమెను ఏ ఆటకూ ఎవరూ పంపి ఉండరు. నిజామాబాద్ నిఖత్ జరీన్ సంగతి ఆవిడకు చెప్పండి. నిక్కర్లు వేసుకునే ఆట ఆడపిల్లకెందుకని ఆ ఇంటికీ బంధువులు వచ్చి చెప్పారు. తండ్రి వినలేదు. ఆ అమ్మాయి 2022లో, మళ్లీ 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. మీ అమ్మాయి కూడా అంత కావాలని కాదు, జిల్లా జట్టులో చోటు రాకపోయినా సరే ఆడనివ్వండి. నలుగురూ అనే మాట ఇంటి గడప దగ్గర ఆగాలంటే మీరో మీవారో అడ్డం నిలబడాలని చెప్పడానికే ఇది.

నిక్కరు మీద అంత పట్టుదలగా ఉంటే ట్రాక్ ప్యాంటు వేసుకుని ప్రాక్టీసు చేయొచ్చు, పోటీల్లో దాని సంగతి పీఈటీ సార్‌ని అడిగి తెలుసుకోండి. అలాగే బయట ఊళ్లకు తీసుకెళ్తే వెంట మహిళా టీచర్ ఎవరు వస్తున్నారు, రాత్రి బస ఎక్కడ, ఫోన్ నంబరు ఏమిటి, ఇవన్నీ అడగండి. ఇలా అడిగితే అనుమానిస్తున్నామని ఎవరూ అనుకోరు. బ్యాగులో రెండు ప్యాడ్లు, ఒక జత బట్టలు అదనంగా పెట్టండి. నెలసరి రోజుల్లో ఆడాలో మానాలో ఆ రోజు ఒంట్లో ఎలా ఉందో చూసుకుని తనే చెబుతుంది. అత్తయ్యగారికి తెలియకుండా దొంగచాటుగా మాత్రం పంపకండి, బయటపడిన రోజు మాట పడేది పిల్లే.

మీ వారి మౌనం నాకు నచ్చలేదు. ఆయనతో వాదించొద్దు, ఒక్క మ్యాచ్‌కి తీసుకెళ్లి గ్రౌండు గట్టు మీద కూర్చోబెట్టండి చాలు. కూతురి కూత ఒకసారి చెవిన పడ్డాక వాళ్లమ్మతో ఏం మాట్లాడాలో ఆయనకే తోస్తుంది.

ఇంకొకటి, మీ ఇంట్లో మగపిల్లాడు ఉంటే అన్నం తిన్న కంచం ఎవరు తీస్తున్నారో చూడండి. చెల్లెలో అక్కో తీస్తుంటే ఇవాళే మాన్పించండి. రోజూ ఆ కంచం ఎత్తించి, నువ్వు ఎవరికీ తక్కువ కాదు అని చెబితే ఆ మాట ఏ పిల్లా నమ్మదు. దీన్ని కొడుకులా పెంచాను అని నలుగురిలో ముచ్చటగా కూడా అనకండి. కూతురిలా పెంచితే తక్కువ అన్నట్టు వినబడుతుంది.

ప్రశ్న: నాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి ఇంజినీరింగ్ చివరి సంవత్సరం, అబ్బాయి ఇంటర్. నా సంపాదనతో కట్టిన ఇల్లు, మా తాతల నాటి రెండెకరాలు ఉన్నాయి. అమ్మాయికి పసుపుకుంకుమ కింద ఏదో ఇచ్చి, ఆస్తి అబ్బాయి పేర రాయమని మా అన్నయ్యలు అంటున్నారు. ఇద్దరికీ సమానంగా ఇవ్వాలనుకోవడం తప్పా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: తప్పు కానే కాదు, చట్టం చెప్పేదీ అదే. హిందూ కుటుంబాల్లో తాతల నాటి ఆస్తిలో ఆడపిల్లలకు పుట్టుకతో హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం 1980ల్లోనే చట్టం తెచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. మీ సంపాదనతో కట్టిన ఇల్లు మీ ఇష్టం, వీలునామా రాసుకోవచ్చు. రాయకుండా పోతే మీ భార్య, ఇద్దరు పిల్లలు, మీ అమ్మగారు ఉంటే ఆమె, అందరికీ సమాన వాటా.

మీరు జాగ్రత్త పడాల్సింది పెళ్లి సమయంలో. పెళ్లి హడావుడిలో హక్కు వదులుకుంటున్నట్టు ఆడపిల్లతో సంతకం పెట్టించే ఇళ్లు చాలా ఉన్నాయి, అన్నదమ్ముల దగ్గర మంచితనం పోగొట్టుకోలేక వాళ్లూ పెట్టేస్తారు. మీ అమ్మాయికి ఆ పరిస్థితి రానివ్వకండి. ఈ ఆదివారం బీరువాలోంచి దస్తావేజులు, పాస్ పుస్తకం తీసి మంచం మీద పరిచి, సర్వే నంబరు ఎక్కడుంటుందో, హద్దులు ఎలా చదవాలో ఇద్దరికీ కలిపి చూపించండి. వీలునామా రాస్తే రిజిస్టర్ చేయించండి, తప్పనిసరి కాదు కానీ రేపు గొడవలు తగ్గుతాయి. అబ్బాయికి కూడా ఇప్పుడే చెప్పండి, మీ నోటితో చెబితే వాడికి అది మామూలు విషయంగానే ఉంటుంది.