బద్దలయ్యే కేంద్రకాలపై పరిశోధన చేస్తే ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉంది. బాగా వేడెక్కిన పరమాణు కేంద్రకాలు ముక్కలయ్యే తీరుపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇది అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగానికి పనికొచ్చే చదువేనా? – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: నేరుగా పనికొచ్చేది కాదు. రియాక్టర్‌లో యురేనియం-235 కేంద్రకం ఒక న్యూట్రాన్‌ను గ్రహించి రెండుగా చీలడానికి, దానికి మొత్తంగా అందే ఉత్తేజ శక్తి సుమారు 6.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులే (కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం ఇది). మీ అమ్మాయి చెబుతున్న ప్రక్రియలో బంగారం కేంద్రకం ఒక్కసారిగా అనేక శకలాలుగా చెదిరిపోవాలంటే, అందులోని 197 ప్రోటాన్లు, న్యూట్రాన్లకు తలా 3 చొప్పున, దాదాపు 600 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు అందాలి. అందుకు ప్రధాన మార్గం, కణాల వేగాన్ని పెంచే యంత్రమైన యాక్సిలరేటర్‌లో భారీ అయాన్లను (విద్యుదావేశమున్న బరువైన పరమాణువులను) వేగంగా పంపి ఢీకొట్టించడం.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నంతసేపూ మంట ఎంత పెంచినా ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు. కేంద్రకాల్లోనూ ఇలాంటిదే కనిపించింది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఉన్న జీఎస్ఐ ప్రయోగశాల నుంచి 1995లో వెలువడిన ఫలితాల్లో, ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు తలా 3 నుంచి 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అందినంత మేరా కేంద్రకాల ఉష్ణోగ్రత సుమారు 5,800 కోట్ల కెల్విన్ల దగ్గరే ఆగినట్లు కనిపించింది. ద్రవంలా ప్రవర్తించే కేంద్రకం వాయువుగా మారడానికి ఇది ఆనవాలని అనుకున్నారు. అయితే రెండు వందల కణాలు కూడా లేనిచోట ‘మరగడం’ అనే మాట ఎంతవరకు చెల్లుతుందన్న వాదన ఆ తర్వాత చాలాకాలం నడిచింది.

రోజువారీ పని మాత్రం ఇంత ఆకర్షణీయంగా ఉండదు. పలుచని సిలికాన్ పలక, దాని వెనుక సీజియం అయొడైడ్ స్ఫటికం అమర్చి, ఒక్కో శకలం రెండింటిలో ఎంతెంత శక్తిని వదిలిందో గ్రాఫ్ గీస్తే హైడ్రోజన్, హీలియం, లిథియం వేర్వేరు వంపు చారలుగా విడిపోతాయి. పరిశోధక విద్యార్థి నెలల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చారలను గుర్తిస్తూ, శకలాలను పసిగట్టే ఈ పరికరాలను, అంటే డిటెక్టర్లను ఒక్కొక్కటిగా సరిచూసుకోవాల్సి వస్తుంది. ఈ ఓపిక ఉందో లేదో మీ అమ్మాయే తేల్చుకోవాలి. పీహెచ్‌డీని మధ్యలో వదిలేసేవారిని చాలాసార్లు ఓడించేది సిద్ధాంతం కాదు, ఈ పనే.

ముందుగా ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కోసం సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయించండి. తర్వాత పీహెచ్‌డీ కోసం జెస్ట్, గేట్, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలు ఉంటాయి. ఈ రంగానికి మన దేశంలో ప్రధానంగా చూడవలసింది కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్; అక్కడ 1977 నుంచి సైక్లోట్రాన్ (ఒక రకం యాక్సిలరేటర్) ఉంది. నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఇంటి అద్దె భత్యం అదనం.

అధ్యాపక, శాస్త్రవేత్త పోస్టులు తక్కువే, పోటీ ఎక్కువ. కానీ డిటెక్టర్లు, డేటా విశ్లేషణ తెలిసినవారికి మెడికల్ సైక్లోట్రాన్లు, రేడియేషన్ భద్రత, సాఫ్ట్‌వేర్ రంగాల్లోనూ చోటు దొరుకుతుంది. అణుశక్తి విభాగంలో ఉద్యోగమే మీ అసలు కోరిక అయితే, ఎమ్మెస్సీ తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రం ట్రైనింగ్ స్కూల్ సూటి దారి. ఏ దారి పట్టినా, ఈ సెలవుల్లో సీ++ నేర్చుకుని, యూరప్‌లోని కణ భౌతిక ప్రయోగశాల సెర్న్ ఉచితంగా ఇచ్చే రూట్ అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో ఒక గ్రాఫ్ గీసి చూడమనండి.