లైటు వెలుగుతోంది, పింగ్ వెళ్లడం లేదు

ప్రశ్న: మేము తయారు చేసిన బోర్డులో గిగాబిట్ ఈథర్‌నెట్ ఇన్నాళ్లూ బాగా పని చేసింది. కొత్త లినక్స్ కెర్నెల్‌కు మారాక లింక్ లైటు వెలుగుతోంది, వేగం 1,000 మెగాబిట్లు అని చూపుతోంది, కానీ పింగ్ (అవతలి యంత్రాన్ని పలకరించి చూసే పరీక్ష సందేశం) వెళ్లడం లేదు. వేగాన్ని 100కు తగ్గిస్తే పని చేస్తోంది. డివైస్ ట్రీలో (కెర్నెల్‌కు బోర్డు గురించి చెప్పే ఫైలు) ఫై-మోడ్ అనే సెట్టింగ్‌ను ‘ఆర్‌జీఎంఐఐ’ నుంచి ‘ఆర్‌జీఎంఐఐ-ఐడీ’కి మార్చగానే అంతా సర్దుకుంది. ఇది సరైన పరిష్కారమేనా, ఏదో అలా కుదిరిపోయిందా?

జవాబు: సరైనదే అయ్యుండాలి. అయినా కారణం తెలుసుకోకుండా వదిలేయకండి, తర్వాతి బోర్డులో ఇదే సమస్య మళ్లీ ఎదురవుతుంది.

ప్రాసెసర్‌లోని మ్యాక్‌కూ (ఈథర్‌నెట్ ప్యాకెట్లను పంపే, అందుకునే భాగం) ఫై చిప్‌కూ (కేబుల్ మీద సంకేతాలను నడిపే చిప్) మధ్య ఉండే అనుసంధానమే ఆర్‌జీఎంఐఐ. అందులో ఒక్కో దిశలో నాలుగు డేటా లైన్లు, ఒక క్లాక్ లైను ఉంటాయి. గిగాబిట్ వేగంలో క్లాక్ 125 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో చుట్టుకు 8 నానోసెకన్లు. క్లాక్ లేచినప్పుడు ఒకసారి, పడినప్పుడు ఒకసారి డేటా వెళ్తుంది కనుక ఒక్కో బిట్‌కు దక్కేది 4 నానోసెకన్లే. డేటా, క్లాక్ ఒకే క్షణంలో మారితే అందుకునే చిప్ సరిగ్గా బిట్ మారుతున్న వేళలోనే చదువుతుంది. క్లాక్‌ను సుమారు 2 నానోసెకన్లు ఆలస్యం చేస్తే చదివే క్షణం బిట్ నడిమధ్యకు వస్తుంది. ఆ ఆలస్యాన్ని బోర్డు మీది రాగి గీత, మ్యాక్, ఫై ఈ మూడింటిలో ఏదో ఒకటే కలపాలి. ఇద్దరు కలిపితే 4 నానోసెకన్లై మళ్లీ అంచుకే చేరుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ‘ఆర్‌జీఎంఐఐ’ అన్న మాటను మామూలు సెట్టింగ్‌గా భావించి రాసేస్తారు. డివైస్ ట్రీ బోర్డును వర్ణించే పత్రం. ఆ మాటకు అర్థం, కావలసిన ఆలస్యం బోర్డు గీతల్లోనే ఉందని. 2 నానోసెకన్లు రావాలంటే క్లాక్ గీత డేటా గీతల కంటే దాదాపు 30 సెంటీమీటర్లు పొడవుండాలి. అంత గీతను మెలికలు తిప్పి గీశారా అని మీ బోర్డు డిజైనర్‌ను అడగండి. గీయలేదంటే ‘ఐడీ’యే (చిప్ లోపలి ఆలస్యం) నిజం: బోర్డులో ఆలస్యం లేదు, చిప్‌లలో ఒకటి కలపాలి. లినక్స్‌లో సాధారణంగా ఆ పని ఫై చేస్తుంది. మ్యాక్‌లోని ఆలస్యాన్ని ఆపడం కుదరకపోతే ఆ సంగతి ఫైకి చెప్పడం మ్యాక్ డ్రైవర్ బాధ్యత. దాని కోసం డివైస్ ట్రీలో అబద్ధం రాయకూడదు.

మరి ఇన్నాళ్లూ ఎలా పని చేసింది? చాలా సందర్భాల్లో పాత ఫై డ్రైవర్ ఈ విలువను పట్టించుకోదు. బూట్‌లోడర్ (కెర్నెల్ కంటే ముందు నడిచి దాన్ని లోడ్ చేసే ప్రోగ్రామ్) గానీ చిప్ స్ట్రాప్ పిన్నులు (చిప్ మొదలవగానే సెట్టింగ్‌లు చదువుకునే పిన్నులు) గానీ పెట్టిన ఆలస్యం అలాగే మిగిలి ఉంటుంది. కొత్త డ్రైవర్ మీరు రాసినదాన్ని నమ్మి ఆ ఆలస్యాన్ని ఆపేస్తుంది. బూట్‌లోడర్‌కు వేరే డివైస్ ట్రీ ఉంటే అక్కడా దిద్దండి.

లైటును చూసి మోసపోవద్దు. వేగం ఒప్పందం ఫైకీ కేబుల్ అవతలి చివరకూ మధ్య జరుగుతుంది, మ్యాక్ వైపు లైన్లకు అందులో పాత్ర లేదు. 100 వేగంలో క్లాక్ చుట్టు 40 నానోసెకన్లు కాబట్టి 2 నానోసెకన్ల తప్పు చాలాసార్లు బయటపడదు.

ప్రశ్న: ఒక దిశలోనే తప్పుంటే ఎలా కనిపెట్టాలి? ఆలస్యానికి పికోసెకన్ల (నానోసెకనులో వెయ్యో వంతు) విలువలు కూడా ఇవ్వాలా?

జవాబు: మరో కంప్యూటర్‌ను నేరుగా కలిపి అక్కడ టీసీపీడంప్ (వచ్చే, పోయే ప్యాకెట్లను చూపే ప్రోగ్రామ్) నడపండి. బోర్డు పంపిన ఏఆర్‌పీ అభ్యర్థనలు (పింగ్‌కు ముందు అవతలి యంత్రం హార్డ్‌వేర్ చిరునామా అడిగే సందేశాలు) అక్కడ కనిపిస్తే పంపే దిశ బాగున్నట్టే. బోర్డులో ఈథ్‌టూల్ (నెట్‌వర్క్ పోర్టు వివరాలు చూపే ఆదేశం) చూపే సీఆర్‌సీ లోపాలు (చెడిపోయి అందిన ప్యాకెట్ల లెక్క) పెరుగుతుంటే అందుకునే దిశను అనుమానించండి. బోర్డు గీత ఒక్క దిశలోనే ఆలస్యం ఇస్తుంటే ‘టీఎక్స్‌ఐడీ’, ‘ఆర్‌ఎక్స్‌ఐడీ’ అనే రూపాలున్నాయి. పేరులో ఉన్న దిశకు చిప్ ఆలస్యం కలుపుతుందని అర్థం. పికోసెకన్ల విలువలు సన్నని సర్దుబాటుకే. అవసరమైతే విలువను మెల్లగా పెంచుతూ లోపాలు ఎక్కడ ఆగాయో, మళ్లీ ఎక్కడ మొదలయ్యాయో రాసుకుని ఆ రెండింటికీ మధ్య విలువను ఎంచుకోండి. చల్లగా ఉన్న బోర్డు మీద ఒకసారి, వేడెక్కాక ఒకసారి చూడండి.